రాహుకాలం పక్కన ఎండ వేళలు కూడా వెయ్యండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న బుధవారం మీ జిల్లా పేజీలో తిరుపతిలో 42 డిగ్రీలు అని పెద్ద అక్షరాలతో వేసి, కింద కొంగు నెత్తిన కప్పుకుని రోడ్డు దాటుతున్న ఇద్దరు ఆడవాళ్ల ఫోటో వేశారు. ఆ 42 మంగళవారం నాటిది. మంగళవారం ఎండలో పని చేసినవాళ్లు చేసేశారు, పడిపోయినవాళ్లు పడిపోయారు, బుధవారం పొద్దున ఆ నంబరు చూసి మేం చేయగలిగింది ఏమీ లేదు. మీరు రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం, రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం వేస్తారు కదా, అవన్నీ ముందుగానే వేస్తారు, నిన్నటి రాహుకాలం ఎవరూ ఇవాళ వెయ్యరు. దాని పక్కనే ఇవాళ్టి ఎండ సంగతి, అంటే ఏ వేళ నుంచి ఏ వేళ దాకా గట్టిగా ఉంటుంది అనేది ఒక్క లైను వెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి. కావాలంటే ఉత్తరం కత్తిరించుకోండి, ఆ లైను మాత్రం వెయ్యండి.

నాది తిరుపతిలో చిన్న మందుల షాపు, పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఏప్రిల్, మే వచ్చిందంటే నా కౌంటరు మీద రెండు డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఇంకోదాంట్లో డి విటమిన్ సాచెట్లు, 60 వేల యూనిట్లవి. ఎండ ఎక్కువైనవాళ్లు మొదటిదానికి వస్తారు, ఎండ చాలనివాళ్లు రెండోదానికి వస్తారు. ఒక్కోసారి ఇద్దరూ ఒకే సమయానికి వచ్చి కౌంటరు ముందు నిలబడతారు, ఒకరు చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయిన కుర్రాడు, ఇంకొకరు కారు ఏసీలోంచి దిగిన పెద్దాయన. ఇంత ఎండలున్న ఊళ్లో ఎండ చాలక మందు కొనుక్కోవడం ఏమిటి అని నాకే చాలాకాలం అర్థం కాలేదు. మా ఇంట్లో వాళ్లకే రెండూ వచ్చాక అర్థమైంది.

ముందు మా అమ్మ సంగతి. పుత్తూరు దగ్గర పల్లెలో అరవై ఏళ్ల దాకా చెనక్కాయల చేలో కలుపు తీసిన మనిషి, ఎండ అంటే లెక్కే లేదు. నాన్న పోయాక ఇక్కడికి తీసుకొచ్చాం. మూడో అంతస్తు ఫ్లాటు, చుట్టూ వేరే ఫ్లాట్లు, బాల్కనీకి దుమ్ము రాకుండా గ్లాసు తలుపులు. ఐదేళ్లు గడిచాయి. ఒకరోజు బాత్రూం దగ్గర చిన్నగా జారి చెయ్యి నేలకు ఆన్చింది, అంతే, మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు వేయించాం, ఎముక అతుక్కుంది. కానీ అంత చిన్న దెబ్బకు ఎలా విరిగింది అని డాక్టరు రక్తపరీక్ష రాస్తే డి విటమిన్ 11 వచ్చింది. 20 కంటే తగ్గితేనే లోపం అంటారు. అమ్మ ఒప్పుకోలేదు, "నేను రోజూ ఎండలోనే కూర్చుంటున్నా కదరా" అంది. నిజమే, రోజూ బాల్కనీలో గ్లాసు తలుపు వెనకాల గంటసేపు కూర్చుని బియ్యం ఏరేది, ఒళ్లు వెచ్చగా ఉండేది కూడా.

ఆ వెచ్చదనమే మోసం. ఎండలో మన కంటికి కనిపించే వెలుగు, ఒంటికి తెలిసే వేడి, ఈ రెండూ కాక కనపడకుండా తెలియకుండా వచ్చే అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వాటిలో బి రకం కిరణాలు చర్మం మీద పడితే, చర్మంలో ఉండే ఒక కొవ్వు పదార్థం డి విటమిన్‌గా మారడం మొదలవుతుంది, తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే రూపానికి తెస్తాయి. కిటికీ అద్దం వెలుగునూ వేడినీ లోపలికి రానిస్తుంది గానీ ఈ బి రకం కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అమ్మ అన్నేళ్లు అద్దం వెనకాల కూర్చుని వేడి మాత్రమే తీసుకుంది. పైగా వయసు పెరిగేకొద్దీ చర్మం ఆ పని చేసే శక్తి తగ్గుతుంది, మనలాంటి నల్లని, చామనఛాయ ఒంటికి తెల్లవాళ్లకంటే ఎక్కువసేపు కావాలి.

ఇంకో సంగతి, ఇది చెబితే మా కస్టమర్లు నాతో వాదనకు దిగుతారు. పొద్దున ఆరింటి లేత ఎండ డి విటమిన్‌కు మంచిదని అందరూ అనుకుంటారు. లేత ఎండ మంచిదే, కళ్లకు పొద్దున వెలుగు తగిలితే ఒంట్లో గడియారం సరిగ్గా నడుస్తుంది, రాత్రి నిద్ర వేళకు వస్తుంది. కానీ సూర్యుడు బాగా కిందికి ఉన్నప్పుడు ఆ కిరణాలు ఏటవాలుగా ఎక్కువ గాలిని దాటుకుని రావాలి, దారిలో ఓజోన్ పొర బి రకాన్ని చాలావరకు మింగేస్తుంది. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేని కొలత ఒకటుంది: మన నీడ. నీడ మనకంటే పొడుగ్గా ఉంటే ఆ ఎండలో విటమిన్ పెద్దగా రాదు. నీడ మనకంటే పొట్టిగా అయ్యిందంటే వస్తుంది, అదే సమయంలో చర్మం కమలడం, కళ్లకు చేటు కూడా మొదలవుతుంది. ఇవాళ, మే మొదటి వారంలో, తిరుపతిలో ఉదయం సుమారు 9 గంటలకే నీడ మన ఎత్తుకు సమానమవుతుంది, మళ్లీ మధ్యాహ్నం 3.15 ప్రాంతంలో మన ఎత్తుకు వస్తుంది. అదే డిసెంబరు చివర్లో అయితే పదిన్నర నుంచి రెండు లోపే. అంటే వేళ రోజురోజుకీ మారుతుంది, రాహుకాలం వారాన్ని బట్టి మారినట్టే. అందుకే మీ పేజీలో ఉండాలి అంటున్నాను.

ఇప్పుడు అమ్మను ఎండాకాలంలో తొమ్మిదిన్నర ప్రాంతంలో పది నిమిషాలు, చలికాలంలో పదకొండు తర్వాత ఇరవై నిమిషాలు మేడ మీద కూర్చోబెడుతున్నాం, చేతులూ కాళ్లూ ఎండకు, తల నీడకు. సాచెట్లు డాక్టరు చెప్పినన్నాళ్లు వేసి ఆపేశాం. ఇక్కడ మందుల షాపువాడిగా ఒక మాట చెప్పి తీరాలి. ఈ సాచెట్లు మామూలుగా వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. కొందరు పాత చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి కొంటూనే ఉంటారు, ఒకాయనైతే వారానికి ఒకటి అన్నది రోజుకొకటి అనుకుని నెలరోజులు వేసుకున్నాడు, వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహంతో ఆస్పత్రిలో చేరాడు. ఎండ నుంచి వచ్చే విటమిన్ అతిగా కాదు, చాలినంత అయ్యాక చర్మమే ఆపేస్తుంది. సాచెట్‌కు ఆ తెలివి లేదు, రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీలకు తగులుతుంది.

ఇక మా బావ సంగతి. మా అక్క మొగుడు, పాకాల దగ్గర ఊరు, మామిడి పనులు లేనప్పుడు తిరుపతికి కూలికి వస్తాడు. పోయిన ఏడాది మే నెలలో కరకంబాడి రోడ్డు వైపు ఒక స్లాబు పనికి వెళ్లాడు. స్లాబు పని తెలిసినవాళ్లకు తెలుసు, మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు, పోసిన కాంక్రీటు గట్టిపడ్డాక పక్కన కొత్తది పోస్తే అతుకు దగ్గర పగిలి నీళ్లు కారతాయి. మిల్లరు తిరుగుతూనే ఉండాలి, తట్టలు అందిస్తూనే ఉండాలి. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే పదికల్లా ముగిసే పనిని, కంకర లోడు ఆలస్యమైందని తొమ్మిదింటికి మొదలుపెట్టారు. పైన స్లాబు, ఎక్కడా ఆకు నీడ లేదు, ఒక డ్రమ్ములో నీళ్లున్నాయి గానీ అవి కాంక్రీటు కలపడానికి.

పన్నెండున్నర ప్రాంతంలో బావ తట్ట కింద పెట్టేసి మేస్త్రీ చెయ్యి పట్టుకుని, "తోటలో ఆవులు పడ్డాయి, తోలండి" అన్నాడట. అక్కడ తోటా లేదు, ఆవులూ లేవు. అందరూ తాగాడు అనుకున్నారు. బావ మందు ముట్టడు. ఒక పక్కకు కూర్చోబెట్టారు, కాసేపటికి ఒరిగిపోయాడు. ఎవరో నాకు ఫోన్ చేసి "జ్వరం బాగా ఉందన్నా, మాత్ర ఏదైనా వెయ్యమంటావా" అని అడిగారు. నేను చెమట పడుతోందా అని అడిగే లోపలే, తట్టలు అందిస్తున్న ఒక పెద్దామె వచ్చి బావ నుదురు తాకి చూసిందట, ఒళ్లు పెనంలా కాలుతోంది, చర్మం ఎండిపోయి ఉంది, ఒక్క చుక్క చెమట లేదు. ఆమె ఎవరినీ అడగలేదు, పక్క బిల్డింగు నీడలోకి లాగించి, మోటారు వేయించి, క్యూరింగ్ పైపు తెచ్చి తల నుంచి పాదాల దాకా తడుపుతూనే ఉంది, ఇద్దరు కుర్రాళ్లు ఖాళీ సిమెంటు సంచులతో విసిరారు. 108 వచ్చేసరికి అలా ఇరవై నిమిషాలు తడిపారు. ఆస్పత్రిలో చూస్తే అప్పటికీ 104 ఉంది. మూత్రపిండాలు దెబ్బతిని క్రియాటినిన్ పెరిగింది, ఐదు రోజులు ఉంచారు. ఆ నీళ్లే లేకపోతే ఇక్కడిదాకా వచ్చేవాడు కాదు అని డాక్టరు మా అక్కతో చెప్పాడు. ఆ పెద్దామెను వెతికి పట్టుకుని మా అక్క చీర పెట్టి వచ్చింది. ఆ బిల్డరు మాత్రం ఆ రోజుకు సగం కూలే ఇచ్చాడు, సగం పూటే పని చేశాడట.

వడదెబ్బ అంటే జ్వరం అనుకుంటారు చాలామంది, అందుకే మాత్ర అడుగుతారు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని కావాలని పెంచుతుంది, మాత్ర వెళ్లి మెదడుకు తగ్గించమని చెబుతుంది, తగ్గుతుంది. వడదెబ్బలో మెదడు పెంచింది ఏమీ లేదు, బయటి వేడి, లోపల పని వల్ల పుట్టిన వేడి రెండూ కలిసి చెమట ఆర్పగలిగిన దానికంటే ఎక్కువైపోయి ఒళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. జ్వరం మాత్ర అక్కడ పని చెయ్యదు, దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో బరువు అవుతుంది. కావాల్సినవి నీడ, నీళ్లు, గాలి, 108. మెడకు, చంకల్లో, గజ్జల్లో తడి గుడ్డలు. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకో గుర్తు, మా బావ నుంచి నేర్చుకున్నది: ఎండలో పని చేసే మనిషి ఉన్నట్టుండి తిక్కగా మాట్లాడితే, తూలితే, తాగాడని పక్కన పెట్టొద్దు. ఎండలో పని చేసేవాళ్లకు కొన్నిసార్లు చెమట పడుతూనే వడదెబ్బ వస్తుంది కూడా, కాబట్టి చెమట ఉంది కదా అని ధీమా పడకూడదు.

చెమట అనగానే గుర్తొచ్చింది, ఉత్త డిగ్రీలు వేస్తే చాలదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే చెమట కారుతుంది గానీ ఆరదు. అనంతపురంలో 42కీ, సముద్రం మరీ దూరం కాని మన తిరుపతిలో 42కీ తేడా ఉంటుంది. సాయంత్రం తూర్పు గాలి తిరిగితే హాయిగా ఉందంటారు గానీ దాంతో తేమ కూడా వస్తుంది. పైగా పగలంతా ఎండకు కాలిన కొండ రాయి, మా డాబాల సిమెంటు రాత్రి పది దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. రేకుల ఇంట్లో ఉండేవాడికి రాత్రి కూడా ఒళ్లు చల్లబడకపోతే, మర్నాడు పనికి వెళ్లేసరికే సగం అలసిపోయి ఉంటాడు. కాబట్టి డిగ్రీలతోపాటు తేమ, రాత్రి ఎంతకు దిగుతుంది అనేవి కూడా రావాలి.

ఎండకాలం వచ్చిందంటే షాపులో అందరూ అనే మాట, "సూర్యుడు ఏటేటా దగ్గరకొస్తున్నాడన్నా" అని. రావడం లేదు. అసలు మన భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సంక్రాంతికి ముందు చలిలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో ఇంకో 50 లక్షల కిలోమీటర్లు దూరం జరుగుతుంది. వేసవి రావడానికి కారణం భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరగడం. ఆ ఒరుగు వల్ల ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు సరిగ్గా మన తిరుపతి నెత్తి మీదికి వస్తాడు. మా అబ్బాయి ఈసారి మేడ మీద నీళ్ల సీసా నిలబెట్టి చూపించాడు, మధ్యాహ్నం పన్నెండూ పది ప్రాంతంలో సీసా చుట్టూ నీడే లేదు, మొత్తం దాని అడుగు కిందికే వెళ్లిపోయింది. నలభై ఆరేళ్లలో నేను ఎప్పుడూ గమనించలేదు. మళ్లీ ఆగస్టు మధ్యలో అలాగే వస్తుంది, అప్పటికి మబ్బులుంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు.

మరి ఏటేటా ఎండ ముదురుతున్నట్టు ఎందుకుంది అంటే, ముదురుతున్నది సూర్యుడు కాదు. సూర్యుడి నుంచి వచ్చే శక్తిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి, పదకొండేళ్లకోసారి కొంచెం పెరిగి కొంచెం తగ్గుతుంది తప్ప ఇన్నేళ్లలో మొత్తంగా పెరిగింది లేదు. పెరిగింది మనం బొగ్గు, పెట్రోలు కాల్చి గాలిలో కలిపిన పొగలోని కార్బన్ డయాక్సైడ్ వాయువు, వచ్చిన వేడిని తిరిగి పైకి పోనివ్వకుండా అది పట్టి ఉంచుతోంది. సూర్యుణ్ని చూడటానికి మన దేశం పంపిన ఆదిత్య-ఎల్1 మన జిల్లాలోని శ్రీహరికోట నుంచే 2023 సెప్టెంబరు 2న వెళ్లింది, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలబడి చూస్తోంది. అంతెందుకు, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరులో కూర్చుని సూర్యుడి వెలుగును విడగొట్టి చూశాడు. ఆ ఏడాది చూసినవాటిల్లోనే అప్పటిదాకా భూమి మీద ఎవరికీ తెలియని ఒక పసుపు గీత దొరికింది, దానికి తర్వాత హీలియం అని పేరు పెట్టారు.

అంతకంటే పాతది నాగలాపురం. వేదనారాయణస్వామి గుడిలో ఏటా మార్చి నెలలో సాయంత్రం ఎండ గుడి దాటుకుని లోపలికి వచ్చి, ఒకరోజు స్వామి పాదాల మీద, మర్నాడు నాభి మీద, ఆ మర్నాడు శిరస్సు మీద పడుతుంది. చిన్నప్పుడు అమ్మ తీసుకెళ్లింది, జనం మధ్య నుంచి తొంగిచూస్తే ఎర్రటి వెలుగు ముక్క ఒకటి నల్లరాతి మీద ఆగి ఉంది, చూస్తుండగానే పక్కకు జరిగి ఆరిపోయింది. మార్చిలో సూర్యుడు దిగే చోటు రోజురోజుకీ ఉత్తరానికి జరుగుతుంది, ఆ జరుగుడు తెలిసినవాళ్లు కట్టిన గుడి అది. రథసప్తమి నాడు తిరుమలలో సూర్యోదయానికి సూర్యప్రభ వాహనం వేళ నిమిషంతో సహా చూసుకుంటాం. సూర్యుడి వేళలు లెక్కగట్టడం మనకు కొత్త కాదు, ఆ లెక్క కూలివాడి పనివేళలకూ పిల్లల ఆటలకూ ఎందుకు ఉండకూడదు అనేదే నా బాధ.

పిల్లలంటే గుర్తొచ్చింది. మన ఊరు హాస్టళ్ల ఊరైపోయింది. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పది దాకా ట్యూబ్‌లైటు కింద కూర్చోబెట్టే కాలేజీల పిల్లలు ఆదివారం ఔటింగ్‌కు వదిలితే నా షాపుకు వస్తారు, కంటి చుక్కల మందుకు, తలనొప్పి మాత్రలకు. సగం మందికి కళ్లజోళ్లు, ఏటా పవర్ పెరుగుతోంది అంటారు. ఎదిగే పిల్లల కంటికి ఆరుబయటి వెలుగు కావాలి. ఎంత లైట్లున్న గదైనా చెట్టు నీడలో ఉండే వెలుగుకు చాలా దూరం. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఆడించి మూడేళ్లు చూశారు, 2015లో ఫలితం వచ్చింది: బయట ఆడిన పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంవి మసకగా కనిపించడం, 30 శాతం మందికి వస్తే, మామూలు బడుల పిల్లల్లో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. మందు లేదు, ఖర్చు లేదు. దీనికి మధ్యాహ్నపు ఎండ అక్కర్లేదు, పొద్దున ఏడు నుంచి ఎనిమిది లోపు గ్రౌండులోకి వదిలితే చాలు. ఒక హాస్టలు ఇన్‌ఛార్జితో అంటే "టైంటేబుల్‌లో ఖాళీ లేదు సార్" అన్నాడు. అతని తప్పు కూడా కాదేమో, తల్లిదండ్రులం మనమే ర్యాంకు అడుగుతాం గానీ పిల్లాడు రోజుకు ఎంతసేపు ఆకాశం కింద ఉంటున్నాడు అని ఎవరం అడగం.

నా కౌంటరు దగ్గర రోజూ చెప్పే మాటలు కొన్ని రాస్తాను, వేసవిలో ఒక ఆదివారం వేసినా ఉపయోగమే. ఓఆర్‌ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు. సగం మంది దాన్ని ఒక గ్లాసులో కలిపేస్తారు, అంత చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు, దాహం ఇంకా పెరుగుతుంది. కలిపింది 24 గంటల్లో అవ్వకపోతే పారబొయ్యాలి. అట్టపెట్టెలో వచ్చే తియ్యటి డ్రింకులు అసలు ఓఆర్‌ఎస్ కావు, వాటికి ఆ పేరు వాడొద్దని ఆహార భద్రత సంస్థ 2025లో చెప్పింది, అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఉప్పేసిన పలచటి మజ్జిగ, రాగి అంబలి నిజంగా మంచివి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లు, జలుబుకూ దురదకూ నిద్రొచ్చే మాత్రలు వేసుకునేవాళ్లు, మానసిక వైద్యం మందులు వాడేవాళ్లు ఎండాకాలం ముందు ఒకసారి డాక్టరును కలవండి, వీటిల్లో కొన్ని ఒంట్లో నీళ్లు తగ్గిస్తాయి, కొన్ని చెమటను ఆపుతాయి. సొంతంగా మాత్రం ఆపెయ్యకండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడేటప్పుడు ఎండలో తిరిగితే చర్మం మామూలుకంటే త్వరగా కమిలిపోతుంది. ఇన్సులిన్ కొని బండి డిక్కీలో వేసుకుని ఇంకో రెండు పనులు చూసుకుని ఇంటికి పోయేవాళ్లు, ఆ డిక్కీ లోపల ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. ఆ వేడికి మందు చెడిపోతుంది, చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, షుగరు మాత్రం దిగదు. ఫ్రిజ్ లేని ఇళ్లలో కొత్త మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, అందులో సీసాను నీళ్లు తగలకుండా కవరులో చుట్టి ఉంచుకోండి, ఫ్రిజ్ అంత కాకపోయినా గది వేడికంటే చాలా నయం.

ఎండ మీద కోపంతో ఇదంతా రాయడం లేదు. చిత్తూరు మామిడికి ఆ తీపి ఎండ వల్లే, ఎండకు నేల కాగితేనే సముద్రం మీది తడిగాలి మనవైపు తిరిగి వానలు పడతాయి. పూర్వం మందులు రానప్పుడు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులను మంచి గాలి, విశ్రాంతి, మంచి తిండితో బాగుచేయడానికి చూసేవారు. డెన్మార్క్ డాక్టరు ఫిన్సెన్‌కు చర్మక్షయను వెలుగుతో నయం చేసినందుకు 1903లోనే నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎండను ఎంత తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోవాలి అన్నదే మనం చూసుకోవాల్సింది.

ఇది ఒక్కొక్కరు జాగ్రత్తపడితే అయ్యే పని కూడా కాదు. 2015 మే నెలలో మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారు. ఎక్కువమంది ఎవరో మీ పేపర్లే రాశాయి, కూలివాళ్లు, ముసలివాళ్లు. అహ్మదాబాదులో 2010 వేసవిలో అలాగే జనం పోయాక 2013లో ఆ నగరం వాళ్లు ఒక ప్రణాళిక పెట్టుకున్నారు. ముందురోజే హెచ్చరిక రంగు ప్రకటించడం, ఆస్పత్రులను సిద్ధం చేయడం, నీళ్లు పెట్టడం, బయటి పని వేళలు మార్చడం. ముందురోజే అన్న మాట గమనించండి. మన ఊళ్లో కూడా చలివేంద్రాలు పెడుతున్నారు, తిరుమల మాడవీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా తెల్లటి కూల్ పెయింటు వేస్తున్నారు. అదే ఆలోచన బస్టాపుల దగ్గర, మార్కెట్ యార్డులో, స్లాబుల మీద కూడా రావాలి. పదకొండు నుంచి నాలుగు దాకా బరువు పని వద్దని చెప్పడానికి మేస్త్రీకి ఒక ఆధారం కావాలి. నోటిమాట అంటే బిల్డరు వినడు. పేపర్లో పడింది చూపిస్తే వింటాడు, వినకపోయినా కనీసం తెలియదు అనలేడు. ఆ రోజు బావ పని చేసిన చోట టీ కొట్టు దగ్గర మీ పేపరు ఉంది, అందరూ చదివారు, అందులో ఆ రోజు రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర అని ఉంది.

మీరు ఎలా వెయ్యాలో కూడా నమూనా రాసి పంపుతున్నాను. ఉదాహరణకు ఇవాళ్టిది:

సూర్యోదయం, సూర్యాస్తమయం, రాహుకాలం, వర్జ్యం మామూలుగా. దాని కింద: "నీడ మనిషికంటే పొట్టిగా ఉండే వేళ: ఉ. 9.05 నుంచి మ. 3.15 వరకు. ఇవాళ అంచనా వేడి, తేమ, యూవీ (అతినీలలోహిత కిరణాల) సూచిక ఇంత. బరువు పని ఆపాల్సిన వేళ: ఉ. 11 నుంచి సా. 4 వరకు."

అంచనా వేడి, తేమ వాతావరణ శాఖ ముందురోజే ఇస్తుంది. నీడ వేళలు ఏడాది మొత్తానికి లెక్కగట్టి ఒకేసారి పెట్టుకోవచ్చు, మా అబ్బాయి తిరుపతికి, చిత్తూరుకు వేసి ఇస్తానన్నాడు, కావాలంటే పంపిస్తాను. ఈ నెల 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది, ఆ లోపల వస్తే బాగుంటుంది.

ఇట్లు
మీ పాఠకుడు, మందుల షాపు యజమాని
తిరుపతి